బురైమిలో పండగ రెండో రోజు

ఒమాన్ సరిహద్దు ఊరు బురైమిలో, పాత బజారు వెనక సందులో ఒక కాఫీ షాపు ఉండేది. పేరుకే కాఫీ షాపు. అక్కడ కాఫీ అడిగిన మనిషిని నేను చూడలేదు. దొరికేవి చాయ్, పరాటా, గుడ్డు పెట్టి చుట్టిన పరాటా, సాయంత్రం నాలుగు దాటాక ఉల్లిపాయ బజ్జీలు. కేరళ ఆయన ఒకరు నడిపేవాడు. ముందుగది మగవాళ్ళది. అందులో నాలుగు బల్లలు, పదహారు కుర్చీలు, వాటిలో రెండింటికి వీపు విరిగిపోయి ఉండేది. గది చివర ప్లైవుడ్ చెక్కతో అడ్డంగా గోడ కట్టి, దాని వెనక ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేసి, తలుపు బదులు పచ్చ కర్టెన్ వేలాడదీశారు. అది ఫ్యామిలీ గది, అంటే ఆడవాళ్ళది.

ఆ గదికి వెళ్ళాలంటే మగవాళ్ళ మధ్య నుంచి పన్నెండు అడుగులు నడవాలి. అక్కడొక పద్ధతి ఉండేది. ఆడమనిషి గుమ్మంలోకి రాగానే మాటలు ఆగిపోయేవి. మగవాళ్ళందరూ ఎవరి ప్లేటు వంక వాళ్ళు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు. కర్టెన్ రింగులు కడ్డీ మీద జరిగిన చప్పుడు వినబడ్డాకే మళ్ళీ మాటలు మొదలయ్యేవి. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు. గోడ మీద రాసి లేదు. నేను వెళ్ళిన అయిదేళ్ళలో ఎవరూ దాన్ని తప్పలేదు. షాపాయన కూడా కర్టెన్ లోపలికి వచ్చేవాడు కాదు. ప్లైవుడ్‌లో బల్ల ఎత్తున జానెడు చదరంగా కోసిన కంత ఉండేది. రెండుసార్లు చెక్క మీద తట్టి, ఆ కంతలోంచి చాయ్ గ్లాసులు తోసేవాడు.

ఆ షాపు 2008 ఫిబ్రవరిలో మూతపడింది.

నేను పనిచేసిన ఇల్లు అక్కడికి ఆరు నిమిషాల నడక. కడప జిల్లా నుంచి వెళ్ళి 1998 నుంచి ఆ ఇంట్లో వంట చేశాను. పదకొండు మంది తినే ఇల్లు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కానీ ఇంట్లో తెలుగు వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. శనివారం పొద్దున్నుంచి శుక్రవారం మధ్యాహ్నం దాకా నా నోటి నుంచి వచ్చేది అరబ్బీనే, అదీ వంటగదికి కావాల్సినంత మాత్రం. ఉప్పు, తీసుకురా, చల్లారింది, అయిపోయింది, ఇంకా ఉంది. పనివాళ్ళమంతా ఇంటావిడను మామా అనీ, ఇంటాయన్ను బాబా అనీ పిలిచేవాళ్ళం. శుక్రవారం భోజనాలయ్యాక మూడు నుంచి అయిదున్నర దాకా మామా నన్ను బయటికి వెళ్ళనిచ్చేది. ఆ రెండున్నర గంటలు ఆ కర్టెన్ వెనక కూర్చోవడానికే.

2002 చివర్లో అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాను, మొదట్లో ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. 2003 మార్చి మొదటి శుక్రవారం ఇంటికి పట్టుకెళ్ళడానికి పరాటాలు కట్టించుకుంటూ, కంత దగ్గర వంగి లెక్క చూసుకుంటున్నాను. వెనక కర్టెన్ జరిగింది.

"మీరు తెలుగువారాండీ?"

తిరిగి చూస్తే ఒంటినిండా నల్ల అబాయా కప్పుకుని ఒకావిడ నిలబడి ఉంది. నాకన్నా పదేళ్ళు చిన్నదై ఉంటుంది.

"కాకుంటే ఒకటీ రెండూ అని యా బాసలో లెక్కబెడతాండా అనుకుంటివి?" అన్నాను.

"అమ్మో, కూర్చోమనకుండానే కారం చల్లేశారండీ," అని ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆమెది గోదావరి జిల్లా. సరిహద్దు అవతల అల్ ఐన్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని. ఆ రోజుల్లో ఈ రెండు ఊళ్ళకూ మధ్య అడ్డు లేదు. దేశాలు వేరు, డబ్బులు వేరు, కానీ వీధి ఒకటే. ఆమె ఇంటి నుంచి నడిచి ఇరవై అయిదు నిమిషాల్లో వచ్చేసేది. అల్ ఐన్‌లో చాయ్ షాపులు లేవా అని ఒకసారి అడిగాను. "ఉన్నాయండీ. కానీ ఒక్క చాయ్ తాగి రెండు గంటలు కూర్చుంటే గుడ్లురిమి చూత్తారండీ. ఇక్కడ చూడ్డానికి మనిషే లోపలికి రాడు కదండీ," అంది. షాపాయన మాకు ఒక్కసారి కూడా ఇంకేం కావాలని అడగలేదు. అయిదింటికి చెక్క తట్టి, "అమ్మా, పాంచ్ బజ్ గయా," అని మాత్రం అనేవాడు. నేను ఆలస్యంగా వెళితే ఇంట్లో మాట వస్తుందని ఆయనకు తెలుసు.

ఆమెకు చదువు రాదు. నాకు ఏడో తరగతి దాకా వచ్చు. ఊరి నుంచి ఎవరో తెచ్చిచ్చిన తెలుగు క్యాలెండర్ నా గదిలో ఉండేది. రోజూ పడుకునే ముందు ఆ రోజు గడిలో ఒక ముక్క రాసేదాన్ని. పాల డబ్బాలు ఎన్ని అయిపోయాయి, ఎండ ఎంత, ఎవరికి జ్వరం. శుక్రవారం గడిలో ఆమె వచ్చిన సమయం, వెళ్ళిన సమయం రాసేదాన్ని. ఇది తెలిశాక ఆమె నన్ను బతకనివ్వలేదు.

"అక్కగారూ, మీరు పెళ్ళికెళ్తే తలంబ్రాలు కూడా లెక్కెడతారండీ."

"నువ్వు పదకొండు నిమిషాలు లేటు. ముందు దానికి జవాబు చెప్పు మే."

"పదకొండా! నేను పదనుకున్నాను. మీ గడియారం కూడా కడపదేనాండీ?"

ఇలా మాట్లాడుకుంటుంటే కంతలోంచి అవతల నవ్వు వినబడేది. ప్లైవుడ్‌ను ఆనుకుని ఉన్న మూలబల్ల దగ్గర శుక్రవారాల్లో ఒక తెలంగాణ మనిషి కూర్చునేవాడు. సైట్లో తాపీ పని. మాకు వరసలు కలిశాయి కానీ మొహాలు కలవలేదు. మేం వచ్చేటప్పుడు అతను తల వంచుకునేవాడు, మేం అటు చూసేవాళ్ళం కాదు. అతని గొంతు, దగ్గు, చాయ్ చివర గుటక చప్పుడుతో సహా తెలుసు. తల నెరిసిందో లేదో తెలియదు.

"సంగటి తిని తిని మీ అక్కగారి మాట కూడా ముద్దగట్టేసిందండీ, అన్నగారూ," అని ఆమె గోడకు చెప్పేది.

"మీ పంచాయితీల నన్ను గుంజకుండ్రి. నేను ఇంటున్న, గంతే," అని గోడ చెప్పేది.

"ఇంటాండేవాడివి తీర్పు చెప్పరాదా?" అని నేను.

"తీర్పు జెప్తే ఇద్దరిల ఒక్కరు అలుగుతరు. మల్ల వచ్చే జుమ్మాకు నాకు ముచ్చట దొర్కది."

ఇంతకంటే ఘనంగా మేం మాట్లాడుకున్నదేమీ లేదు. ఆమె పిల్లవాడికి పళ్ళు వచ్చాయనో, వాళ్ళ మామా కొత్త సోఫా కొన్నదనో చెప్పేది. అది ఆ ఇంటి పిల్లవాడు. ఆమె వాణ్ణి మా బుడ్డోడు అనేది. నేను వారంలో వండినవన్నీ చెప్పేదాన్ని. ఆమె శ్రద్ధగా విని ఆఖరున, "ఇంతకీ మీరేం తిన్నారండీ?" అని అడిగేది. ఆ ప్రశ్న వారం మొత్తంలో నన్ను ఇంకెవరూ అడగరు.

2006 సెప్టెంబర్ మధ్యలో ఆ నడక ఆగిపోయింది. అప్పటికే ఊళ్ళ మధ్య కంచె లేస్తోంది. ఇక పాస్‌పోర్టు లేకుండా దాటడానికి లేదన్నారు. ఇళ్ళలో పనిచేసే మా పాస్‌పోర్టులు మా దగ్గర ఉండవు. తర్వాత క్యాలెండర్లు ముందేసుకుని లెక్క కట్టాను. మొదటి శుక్రవారం నుంచి చివరి శుక్రవారం దాకా నూట ఎనభై అయిదు. అందులో షాపు పగలు తెరవని మూడు రంజాన్ నెలలవి పన్నెండు, నేను ఊరెళ్ళినవి తొమ్మిది, ఆమెకు కుదరనివి పదకొండు తీసేస్తే నూట యాభై మూడు. నూట యాభై మూడుసార్లు మేం ఆ బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం.

కంచె పడ్డాక మొదట్లో నేను శుక్రవారాలు వెళ్ళి వట్టినే కూర్చునేదాన్ని. ముందుగది కూడా పలచబడింది. అవతలి నుంచి వచ్చే డ్రైవర్లు, కూలీలు, బజారుకొచ్చే ఆడవాళ్ళు ఆగిపోయారు. నాలుగు బల్లల్లో రెండింటి మీద కుర్చీలు తిరగేసి ఉండేవి.

ఆమె ఇంటివాళ్ళకు బురైమిలో చుట్టాలున్నారు. వాళ్ళ మామా అక్కగారి ఇల్లు. వాళ్ళు కారులో అక్కడికి వచ్చేటప్పుడు పిల్లవాడి కోసం ఈమెనూ, ఈమె పాస్‌పోర్టునూ తెచ్చేవాళ్ళు. పిల్లవాడు పడుకున్నాక ఒక రెండు గంటలు ఈమెను వదిలేవాళ్ళు. అలా పదకొండు నెలల్లో నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ ఏ రోజు వస్తుందో అంతకుముందు కలిసినప్పుడే చెప్పి వెళ్ళింది. ఆ నాలుగు రోజులకు నేను మామాను అడిగి శుక్రవారం సెలవును మార్చుకున్నాను.

నాలుగోసారి 2007 ఆగస్టులో. ఆ రోజు ఆమె చాయ్ తాగలేదు. గ్లాసు చుట్టూ వేలు తిప్పుతూ కూర్చుంది.

"బాబాకి అబుదాబిలో ఉద్యోగం వచ్చిందండీ. పండగయ్యాక వెళ్ళిపోతారంట. నా వీసా కూడా అప్పటికి అయిపోద్ది. నన్ను కూడా తీసుకెళ్తారో, ఊరికి పంపించేత్తారో ఇంకా చెప్పలేదండీ."

"ఎప్పుడు చెప్తారంట?"

"పండగలో చెప్తానంది మామా. రంజాన్ పండగ రెండో రోజు ఇక్కడికి ఆవిడ అక్కగారింటికి వత్తాం. ఏటా వచ్చేదే. ఆ రోజు చెప్పేత్తాను మీకు."

ఇలాంటి మాట వింటే నాకు ముందు కాగితం కావాలి. సంచీలోంచి పెన్సిలు తీసి, బజ్జీల కాగితం బల్ల మీద సాపు చేశాను.

"మీ ఊరి పేరు, ఇంటి దగ్గర ఎవరిదన్నా ఫోన్ నంబరు, చెప్పు మే. రాసుకుంటా."

ఆమె నా చేతి మీద చెయ్యేసి కాగితాన్ని పక్కకు జరిపింది.

"అప్పుడే రాసేసుకుంటారేంటండీ? నన్ను పంపించేసినట్టు. పండగ రెండో రోజు వత్తాను కదా, అప్పుడు రాసుకుందురు. ఉంచుతారంటే ఆ కాగితం అవసరమే ఉండదు కదండీ."

గోడ అవతలి నుంచి, "పంపరు తియ్యక్కా, పోరగాడు నిన్ను ఇడ్శి ఉంటడా?" అన్నాడు తాపీ మనిషి.

నేను పెన్సిలు లోపల పెట్టేశాను. నాలుగేళ్ళ పైన పరిచయం, ఆమె ఊరి పేరు నాకు తెలియదు. ఇంతకుముందు అడగాల్సిన అవసరం రాలేదు. నేను ఉండేది ఏ ఇల్లో ఆమెకు తెలుసు. ఒకసారి గేటు దాకా వచ్చి చూసి వెళ్ళింది. ఆమె ఉండే ఇల్లు నేను చూడలేదు. ఇద్దరికీ ఫోన్లు లేవు. మా ఇద్దరికీ చిరునామా ఆ షాపే.

రంజాన్ పండగ తేదీ ముందుగా క్యాలెండర్లో గుర్తు పెట్టుకోవడానికి ఉండదు. నెలవంక కనబడితే రేపు పండగ, కనబడకపోతే ఇంకో ఉపవాసం. అందుకే మేం తేదీ అనుకోలేదు, రెండో రోజు అనుకున్నాం. నేనూ అదే సరైన లెక్క అనుకున్నాను. చంద్రుడు ఎప్పుడొచ్చినా రెండో రోజు రెండో రోజే కదా.

ఆ ఏడాది గురువారం సాయంత్రం ఇంట్లో అందరూ టీవీ ముందు కూర్చున్నారు. ఒమాన్‌లో నెలవంక కనబడలేదన్నారు. శుక్రవారం కూడా ఉపవాసమే. కాసేపటికి ఫోన్ మోగింది. బాబా తమ్ముడు అల్ ఐన్ నుంచి. అక్కడ చంద్రుడు కనబడ్డాడు, రేపే పండగ అన్నాడు. బాబా నవ్వుతూ, మీరు తినండి, మేం ఇంకో రోజు ఆకలితో ఉంటాం అన్నాడు. నేను ట్రే పట్టుకుని అదే గదిలో ఉన్నాను. అంతా విన్నాను, అర్థమైంది. అలా ఒక రోజు తేడా రావడం నాకు కొత్త కాదు. అంతకుముందు ఒక ఏడాది క్యాలెండర్ గడిలో నా చేత్తోనే రాసుకున్నాను, "అవతల నిన్ననే" అని. నడిచి వచ్చే రోజుల్లో ఆ తేడాతో మాకు పనిలేదు. ఆమె ఎలాగూ శుక్రవారం వచ్చేది.

ఆ రాత్రి నేను ఇలా అనుకున్నాను. ఇక్కడ పండగ శనివారం, రెండో రోజు ఆదివారం, షాపు ఇక్కడ ఉంది కాబట్టి మా లెక్క ఇక్కడిది. ఆదివారం మధ్యాహ్నానికి మామాను సెలవు అడిగాను. ఇచ్చింది.

ఆమెను తీసుకొచ్చేది ఆమె ఇంటివాళ్ళు, వాళ్ళు బయల్దేరేది వాళ్ళ పండగ రెండో రోజున అన్న సంగతి నాకు తట్టలేదు. వాళ్ళ రెండో రోజు శనివారం.

శనివారం మా ఇంట్లో తెల్లవారుజామున మూడింటికి పొయ్యి వెలిగింది. పండగ పొద్దున ఆ ఇళ్ళలో అర్సియా తింటారు. బియ్యం, మాంసం కలిపి మెత్తగా అయ్యేదాకా ఉడికించి, కర్ర తెడ్డుతో గట్టిగా ఎనపాలి. ఆ రోజు నలభై ఇద్దరు తిన్నారు. మధ్యాహ్నం మూడు నుంచి అయిదున్నర మధ్య నేను ఎక్కడున్నానో నాకు కచ్చితంగా తెలుసు. పెరట్లో కుళాయి కింద కూర్చుని రెండు పెద్ద డేగిసాలు తోముతున్నాను.

ఆదివారం రెండూ యాభైకే షాపుకు వెళ్ళాను. మగవాళ్ళు ముగ్గురే ఉన్నారు, ముగ్గురూ తలలు వంచుకున్నారు. కర్టెన్ వెనక ఎవరూ లేరు. కూర్చున్నాను. కంతలోంచి చాయ్ రాలేదు. షాపాయన ముఖం వచ్చింది. అయిదేళ్ళలో ఆయన ఆ కంతలోంచి వంగి లోపలికి చూడటం అదొక్కసారే.

"అమ్మా, వో కల్ ఆయీ థీ," అన్నాడు. నిన్న వచ్చిందమ్మా.

నాకు వెంటనే అర్థమైంది. ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆయన పక్కకు తప్పుకున్నాక మూలబల్ల దగ్గర నుంచి తాపీ మనిషి చెప్పాడు.

"మూడింటికి అచ్చిందక్కా. అయిదున్నర దాకా కూసున్నది. నాలుగయినంక నన్ను అడిగింది, అక్క ఎందుకు రాలే అని. ఇక్కడ ఇయ్యాలనే పండుగ మొదలు, ఆమెకు ఇంట్ల పని ఉంటదని నేనే జెప్పిన. గప్పుడు సమజైంది ఆమెకు."

"నాకు కబురు చెయ్యకపోతివా? ఆరు నిమిషాల దూరమే కదా."

"పోతనన్న అక్కా. ఇల్లు జూపియ్యి, పోయి పిల్సుకొస్త అన్న. వద్దన్నది. పండుగ పూట చుట్టాలందరు ఉన్న ఇంటికి మొగమనిషి పోయి వంటామెను పిలిస్తే, ఆమె మీద మాట పడ్తది అన్నది."

"తనే రావచ్చు కదా గేటు కాడికి."

"లేచింది పోదామని. మల్ల కూసున్నది. ఎవరో తెల్వనామె వచ్చి పిల్సినా మీ మామా కోపం జేస్తదేమోనని భయపడ్డది. అక్క ఇంకో జెర సేపట్ల వస్తది, టైము తప్పే మనిషి కాదని నాతోటి రెండుసార్లన్నది."

కుర్చీని ప్లైవుడ్ దగ్గరకు జరుపుకున్నాను. తర్వాత అడగాల్సింది అడిగాను.

"పంపిస్తాండారంటనా, ఉంచుకుంటారంటనా?"

"నేను అడగలేదక్కా. మీ ఇద్దరి ముచ్చట, నాకెందుకని ఊకున్న."

"ఊరి పేరు చెప్పలేదా?"

"లే."

"ఏడ్చిందా?"

"గోడ అడ్డమున్నది గదక్కా, నాకేం కనవడ్తది? ముక్కు చీదినట్టు ఇనవడ్డది. జలుబో ఏమో."

ఆ రోజు అయిదింటికి షాపాయన చెక్క తట్టేదాకా అక్కడే కూర్చున్నాను. క్యాలెండర్ గడిలో ఏమీ రాయలేదు. రాయడానికి కూర్చున్నాను కానీ, ఏ గడిలో రాయాలో తోచలేదు.

తర్వాత ప్రతి శుక్రవారం వెళ్ళాను. ఆమె ఇంటివాళ్ళు అబుదాబి వెళ్ళేలోపు ఇంకోసారి వస్తారేమో అనుకున్నాను. ఆమె ఎవరి చేతనైనా కబురు పంపుతుందేమో అనుకున్నాను. డిసెంబర్‌లో తాపీ మనిషి కంపెనీ సోహార్ సైటుకు మారింది. వెళ్ళేముందు శుక్రవారం, "పోతున్నక్కా, ఆమె గిట్ల కలిస్తే నేను అడిగిన్నని జెప్పు," అన్నాడు. అప్పుడైనా కర్టెన్ తీసి అతని ముఖం చూడొచ్చు. చూడలేదు. అతనూ చూపించుకోవాలని అనుకోలేదు.

జనవరిలో షాపాయన చెప్పాడు, ఇక నడపలేనని. అవతలివాళ్ళు రాకపోతే ఇవతలివాళ్ళు ఎంతమందమ్మా అన్నాడు. చివరి శుక్రవారం బల్లలు బయట పెట్టేశాడు. ముందుగది ఖాళీ. పన్నెండు అడుగులు నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు నాకే వినబడింది. ఆడవాళ్ళ గది మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాడు. అయిదింటికి ఎప్పటిలాగే చెక్క మీద రెండుసార్లు తట్టాడు.

ఆమె ఎప్పుడైనా వస్తే నేను ఇక్కడే ఉన్నానని ఎలా చెప్పాలి? షట్టర్ మీద ఏం రాసిపెట్టినా లాభం లేదు, ఆమెకు చదువు రాదు. పక్కనే ఒక పాకిస్తానీ దర్జీ ఉండేవాడు. ఆయన దగ్గరకు వెళ్ళి నా హిందీలో చెప్పాను. ఒకావిడ వచ్చి ఈ షాపు గురించి అడిగితే, అక్క అదే ఇంట్లో ఉందని చెప్పండి అని.

"చూడ్డానికి ఎలా ఉంటుంది?" అన్నాడు.

"అయిదడుగుల రెండంగుళాలు. చామనఛాయ. నల్ల అబాయా."

ఆయన మిషను ఆపి నా వంక చూశాడు. "బెహన్‌జీ, నువ్వు చెప్పినట్టుండేవాళ్ళు ఈ సందులో రోజూ ఎంతమంది పోతారో తెలుసా?"

"తెలుగు మాట్లాడుతుంది," అన్నాను. ఆయనకు తెలుగేదో తమిళమేదో ఎలా తెలుస్తుంది? అయినా సరేనని తలూపాడు. మంచివాడు.

2008 రంజాన్ నెల మొదలవుతుండగా నేను మామాను రెండు రోజుల సెలవు అడిగాను. పండగ మొదటి రోజు, రెండో రోజు, మధ్యాహ్నం మూడు నుంచి అయిదున్నర. అవతల ఒక రోజు ముందొచ్చినా, రెండుచోట్లా ఒకే రోజు వచ్చినా, వాళ్ళ రెండో రోజు ఆ రెండింటిలో ఏదో ఒకటి అవుతుంది.

"మొదటి రోజా?" అంది మామా. "ఆ రోజు ఇంటినిండా జనం. నీ పండగ కూడా కాదు కదా."

చంద్రుడి సంగతి, కంచె సంగతి, రెండో రోజు సంగతి అంతా చెబుదామనుకున్నాను. నాకొచ్చిన అరబ్బీ అంత దూరం వెళ్ళలేదు. "నా స్నేహితురాలు," అన్నాను.

"ఎవరింట్లో చేస్తుంది?"

"తెలియదు."

"వాళ్ళ బాబా పేరు?"

"తెలియదు."

"వస్తానని చెప్పిందా?"

"ఈ ఏడాది చెప్పలేదు. పోయిన ఏడాది చెప్పింది."

మామా తల అడ్డంగా ఊపబోయింది. ఆ నెల శుక్రవారాలు నాలుగూ ఇంట్లోనే ఉంటానన్నాను. ఒప్పుకుంది.

రెండు రోజులూ దర్జీ షాపుకు తాళం వేసి ఉంది. మూసిన కాఫీ షాపు మెట్టు మీద కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు కాబట్టి వచ్చేపోయే ఆడవాళ్ళను లెక్కబెట్టాను. మొదటి రోజు ముప్పై ఎనిమిది మంది. చాలామంది పిల్లలతో, కొత్త బట్టలతో, మిఠాయి డబ్బాలతో వెళుతున్నారు. ఒకావిడ నడక దూరం నుంచి ఆమెదే అనిపించి లేచి నిలబడ్డాను. దగ్గరకొచ్చాక ఫిలిప్పీన్స్ అమ్మాయి, నన్ను చూసి ఈద్ ముబారక్ అని నవ్వింది. నేనూ అన్నాను. రెండో రోజు అరవై ఒక్క మంది. ఒక కారు ఆగింది, అల్ ఐన్ నంబరు. అద్దం దించి డ్రైవరు హిందీలో, ఈ షాపు ఎప్పుడు తెరుస్తారు అని అడిగాడు.

"మూసేశారు," అన్నాను.

"పండక్కా?"

"కాదు. మూసేశారు."

"అరె, ఇక్కడి పరాటా బాగుండేది," అని వెళ్ళిపోయాడు. వెనక సీట్లో ఎవరూ లేరు, చూశాను.

అయిదున్నరకు ఇంట్లో ఉన్నాను.

ఆ తర్వాతి ఏడాది, 2009లో, రంజాన్ నెల సగం అయ్యేసరికి మామానే వంటగదిలోకి వచ్చి అడిగింది. ఈసారి పండక్కి ఇంటికి పెద్దమ్మాయి అత్తవారు వస్తున్నారు, యాభై మందికి తక్కువ ఉండరు, నీకు మళ్ళీ రెండు రోజులు కావాలా అని. అడగడంలో కోపం లేదు. ఇస్తాననే అడిగింది.

వద్దన్నాను.

ఒక్క రోజు కూడా వద్దా అంది. ఒక్క రోజు కూడా వద్దన్నాను.

ఆవిడకు అంత సంతోషం కలుగుతుందని అనుకోలేదు. మర్నాడే బజారు నుంచి నాకు ముదురు నీలం గుడ్డ, అయిదు గజాలు తెప్పించింది. పండగ పొద్దున వచ్చినవాళ్ళందరి ముందూ, ఈవిడ ఇంట్లో ఉంటే నాకు పండగ బరువే తెలియదు అని చెప్పింది. వాళ్ళు నా వంక చూసి తలలూపారు. నేను అర్సియా డేగిసా ముందు నిలబడి తెడ్డు తిప్పుతున్నాను. ఆ ఏడాది అవతల పండగ ఏ రోజు వచ్చిందో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు.